రాయి జారాలి, పడకూడదు

జూన్ 3, సోమవారం

అక్క పెళ్ళి చేసుకుంటోంది. యాభై ఎనిమిదేళ్ళ మా అక్క. రాసుకుంటే తప్ప నమ్మేలా లేను. అందుకే పళ్ళ డాక్టరమ్మ జనవరిలో ఇచ్చిన ఈ డైరీ మీంచి ఆర్నెల్లుగా పెడుతున్న టీ కప్పు తీసి, మరక తుడిచి, మొదటిసారి తెరిచాను.

వరుడు లిఫ్టుల మెకానిక్. ఫిబ్రవరిలో అక్క బ్యాంకు పని మీద వెళ్ళి, నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య లిఫ్టులో నలభై నిమిషాలు ఇరుక్కుపోయింది. అప్పుడు తలుపు అవతల నుంచి కబుర్లు చెబుతూ, చివరికి చెయ్యి పట్టి బయటికి లాగింది ఈయనే. భార్య పోయి పదేళ్ళయిందట. వచ్చే ఏడు అరవై నిండుతాయట. లాగినవాడు లాగి ఊరుకోవచ్చు కదా? మర్నాడు "ఎలా ఉన్నారండీ" అని ఫోను. వారం పోయాక మళ్ళీ ఫోను. నేనేమో ఇదంతా బ్యాంకువాళ్ళు చేయిస్తున్న మర్యాద అనుకున్నాను. నా మొహం!

ఇవాళ పొద్దున టీ తాగుతూ, పాలు విరిగాయి అని చెప్పినంత మామూలుగా చెప్పింది. "ఒరేయ్, నేనూ ఆయనా సంతకాలు పెట్టేద్దాం అనుకుంటున్నాం."

నాకు చాలా సంతోషం వేసింది. నిజంగానే. కప్పు చేతిలోంచి జారిపోయిందంటే దానికి ఎక్కడో నూనె అంటి ఉంటుంది.

ఉంగరాలు వద్దట. మా చిన్నప్పుడు నాన్న ఏటి ఒడ్డున లారీ కడుక్కుంటుంటే మేమిద్దరం రాళ్ళు ఏరేవాళ్ళం. ఆ రాళ్ళ డబ్బా ఇంకా మా అటక మీద ఉంది. అందులోంచి రెండు రాళ్ళు, ఆయనకొకటీ తనకొకటీ, నేను నున్నగా చేసివ్వాలట.

"ఒక్క గీత ఉండకూడదు. ఒక్క పెచ్చు లేచి ఉండకూడదు" అంది. "ఆ రోజు లిఫ్టులో భయానికి తాళంచెవి గుప్పిట్లో బిగించి పట్టుకున్నాను. బయటికొచ్చి చూస్తే అరచెయ్యంతా నెత్తురు. ఈసారి పట్టుకోవడానికి నున్నటిది కావాలి."

"మళ్ళీ లిఫ్టెక్కుతావా నువ్వు?"

"ఆయన ఉండేది ఆరో అంతస్తులోరా. ఇప్పుడైతే మెట్లెక్కి వెళ్తున్నాను. పాపం ఆయనా నాతోపాటే ఎక్కుతున్నాడు."

లిఫ్టు మెకానిక్ మెట్లెక్కడం! కడుపు పట్టుకుని నవ్వాను.

"నీ రాళ్ళు ఎప్పుడైతే అప్పుడే తేదీ పెట్టుకుంటాం" అని కప్పు పెంకులు ఎత్తి పోసింది.

జూన్ 5, బుధవారం

నేను పళ్ళ సెట్లు చేసేవాణ్ణి. ఇరవయ్యారేళ్ళుగా ఈ ముందుగదిలో కూర్చుని జనం నోళ్ళలోకి వెళ్ళే పళ్ళు తళతళలాడిస్తున్నాను. రెండు గులకరాళ్ళు నాకో లెక్కా?

పాత మోటారు ఒకటి మూలన పడి ఉంటే దానికి రెండు కడ్డీలు బిగించి, వాటి మీద రబ్బరు డ్రమ్ము పడుకోబెట్టాను. డ్రమ్ము పొద్దస్తమానం దొర్లుతుంది. లోపల రాళ్ళూ, నీళ్ళూ, వాటిని అరగదీసే పొడీ. మొదటి వారం గరుకు పొడి, రెండో వారం నడిమి పొడి, మూడో వారం మెత్తటిది, నాలుగో వారం పాలిష్ పొడి. నాలుగు వారాల్లో పని అయిపోవాలి.

ఇందులో కిటుకల్లా ఒకటే. పొడి మార్చినప్పుడల్లా అన్నీ కడగాలి. మూత అంచులో గరుకు పొడి ఒక్క రేణువు దాక్కున్నా చాలు, పాలిష్ వారంలో అన్ని రాళ్ళనీ గీకి పారేస్తుంది. అంచు కోసం ఎర్రదారం కట్టిన పళ్ళ బ్రష్షు వేరే పెట్టాను. ఏడుసార్లు కడుగుతాను. ఎవరన్నా నవ్వితే నవ్వుకోనీ.

డబ్బాలో ముప్పై ఒక్క రాళ్ళున్నాయి. అక్క తేనెరంగుది తీసుకుంది. లిఫ్టాయనకి తెల్ల చార ఉన్న బూడిదరంగుది. మిగతావి వీటికి తోడుగా తిరుగుతాయి.

మధ్యాహ్నం అక్క కునుకు తీసే వేళకి మోటారు వేశాను. గదిలోంచి ఒకటే తిట్లు. "ఆ దిక్కుమాలిన గరగర ఏంట్రా, చెవుల్లో ఇసుక పోసినట్టు!"

జూన్ 12, బుధవారం

తెరిచాను. తొమ్మిది రాళ్ళకి పగుళ్ళు, గుంటలు. తీసి మెట్టు పక్కన బకెట్లో పారేశాను. తప్పున్నదాన్ని మంచివాటితో ఉంచను, అది నా పద్ధతి. ఇరవై రెండు మిగిలాయి.

జూన్ 19, బుధవారం

ఇంకో ఏడు బకెట్లోకి. పదిహేను. అక్క రాయీ లిఫ్టాయన రాయీ బాగున్నాయి. డ్రమ్ము చప్పుడు మారింది, గరగర పోయి టకటకమంటోంది. రాళ్ళు నునుపెక్కుతుంటే అలాగే ఉంటుంది కాబోలు.

జూన్ 20, గురువారం

నాకు చాలా సంతోషంగా ఉంది.

జూన్ 26, బుధవారం

కొంప మునిగింది. మెత్తటి పొడి వారం అయ్యాక తీసి చూస్తే అన్ని రాళ్ళ మీదా నెలవంకల్లా తెల్లటి మచ్చలు. గోరుతో నొక్కినట్టు. తేనెరంగు దాని మీద ఆరు, బూడిదరంగు దాని మీద నాలుగు. వేలితో రాస్తే తగులుతున్నాయి.

అక్క కిటికీ దగ్గర భూతద్దం పెట్టుకుని చూసింది. "దెబ్బలు తగిలినట్టున్నాయిరా" అంది. ఆవిడ మొహం చిన్నబోయింది.

"మళ్ళీ మొదటి నుంచి తిప్పాలి. నాలుగు వారాలు" అన్నాను. చాలా బాధేసింది. సాయంత్రం పాట పాడుకుంటూ డ్రమ్ము కడిగాను. పాటకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, నోటికొచ్చింది పాడాను.

జూన్ 30, ఆదివారం

లిఫ్టాయన్ని అక్క భోజనానికి పిలిచింది. పొట్టిమనిషి, తెల్ల మీసం, చేతులకి గ్రీజు పోలేదు కానీ గోళ్ళు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. నేను గోళ్ళు చూస్తాను, అలవాటు. తినేటప్పుడు నా పని గురించి అడిగాడు. తన లిఫ్టుల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నచ్చకుండా ఉండటానికి ఏదో ఒకటి వెతకాలని చూశాను. రెండోసారి వడ్డించమని తనే అడిగాడు, అంతకు మించి ఏం దొరకలేదు.

అక్క వంటింట్లోంచే అరిచింది. "బావగారూ అని పిలవరా! నోరు అరిగిపోతుందా?"

"సంతకాలు పెట్టాక చూద్దాం" అన్నాను.

చేతులు కడుక్కుని ఆయన తిన్నగా నా డ్రమ్ము దగ్గరికొచ్చాడు. పాత పదిహేను రాళ్ళతోనే మళ్ళీ తిప్పుతున్నాను. ఆయన వంగి, కళ్ళు మూసుకుని, డ్రమ్ముకి చెవి ఆనించాడు. రెండు నిమిషాలు అలాగే ఉన్నాడు. డాక్టరు రోగి గుండె చూస్తున్నట్టు.

"ఏవండీ, లోపల ఖాళీ ఎక్కువుంది" అన్నాడు.

"ఉంటే?"

"రాయి జారట్లేదు. పడుతోంది."

ఒళ్ళు మండింది. నా ఇంటికొచ్చి, నా టేబుల్ దగ్గర నిలబడి, నా డ్రమ్ముకి జబ్బు చెప్తాడా! "ఇరవయ్యారేళ్ళండీ నాకు ఈ పనిలో" అన్నాను.

"పళ్ళ పనిలో కదండీ" అన్నాడు, ఎంతో మర్యాదగా.

అక్క నవ్వాపుకోలేక గుడ్డ నోట్లో కుక్కుకుంది.

ఆయన వెళ్ళాక మోటారు ఆపి, మూత తీసి చూశాను. డ్రమ్ములో సగం కూడా లేవు రాళ్ళు. నిండుగా ఉంటే ఒకదాని మీద ఒకటి జారుతూ అరుగుతాయి. ఖాళీగా ఉంటే పైదాకా ఎక్కి దభీమని పడతాయి, ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. తప్పున్నవాటిని పారేసి పారేసి మంచివాటికి దెబ్బలు తగిలించింది నేనే. పసివాడికి కూడా తట్టే విషయం.

ఆయనకి ఫోను చేసి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు.

జూలై 1, సోమవారం

బకెట్లో పదహారూ కడిగి మళ్ళీ డ్రమ్ములోకి. ముప్పై ఒకటీ ఒకచోట. ముప్పాతిక దాకా నిండింది. గరుకు పొడి నుంచి మళ్ళీ మొదలు. గరగర తిరిగొచ్చింది. అక్క తిట్లు కూడా.

జూలై 8, సోమవారం

ఒక్క దెబ్బ లేదు. చెవి ఆనిస్తే తెలిసిపోతుందా, చోద్యం కాకపోతే!

జూలై 15, సోమవారం

నడిమి పొడి కూడా అయింది. రాళ్ళు బాగున్నాయి. బాగా ఉన్నాయి.

అక్క వంటింటి గోడ మీద కాగితం అంటించింది. ఏ స్విచ్చి దేనిది, పాలు ఎప్పుడొస్తాయి, గ్యాసుకి ఎవరికి ఫోను చెయ్యాలి, ఏ దుప్పటి ఏ అరలో. పద్నాలుగు విషయాలు. చివర "పొయ్యి ఆర్పావో లేదో చూసుకో" అని కింద రెండు గీతలు.

నాకు యాభై ఒకటి. ఇప్పుడు ఈ కాగితం అవసరమా? నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ పోయింది. అప్పుడు అక్కకి పదహారు. బడికి పంపింది, పని నేర్పించింది, ఈ ఇల్లు అద్దెకి తీసుకుని "ఇక్కడ కూర్చుని పళ్ళు చెయ్యరా" అంది. అన్నీ తెలిసినవాణ్ణే. కాగితం లేకపోయినా తెలుసు.

జూలై 22, సోమవారం

మెత్తటి పొడి వారం అయింది. ఒక్క మచ్చ లేదు. ఇక పాలిష్ వారమే. సోమవారానికల్లా రాళ్ళు తయారు.

అన్నీ కడిగాను. రాళ్ళు కడిగాను, డ్రమ్ము కడిగాను. మూత అంచు కడగబోతుంటే అక్క పెట్టె సర్దుతూ పిలిచింది, ఈ చీర ఉంచనా తీసుకెళ్ళనా అని. వెళ్ళాను. పెట్టె సగం నిండి ఉంది. తిరిగొచ్చి మూత పెట్టి మోటారు వేశాను.

జూలై 24, బుధవారం

అంచు కడిగాను.

జూలై 25, గురువారం

కడిగే ఉంటాను. ఇరవయ్యారేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే కడిగేస్తుంది.

జూలై 29, సోమవారం

గీతలు. సన్నగా, పొడుగ్గా, ప్రతి రాయి మీదా. దూరం నుంచి మెరుస్తోంది, వెలుగులో తిప్పితే పిల్లి గీరినట్టుంది.

అక్క భూతద్దంతో చాలాసేపు చూసింది. నా మొహం కూడా చూసింది. భూతద్దం పక్కన పెట్టి "సరేలేరా. మళ్ళీ తిప్పు" అంది. ఆయనకి ఫోను చేసి, "ఇంకో నెల పట్టేలా ఉందండీ" అని చెప్పింది. అటువైపు నుంచి ఆయన ఏదో జోకేసినట్టున్నాడు, నవ్వింది.

రాత్రి భోజనం రెండింతలు తిన్నాను. బాధలో ఉన్నప్పుడు నాకు ఆకలి ఎక్కువ.

జూలై 31, బుధవారం

మోటారు వెయ్యలేదు. తొందరేముంది.

ఆగస్టు 1, గురువారం

డాక్టరమ్మకి మూడు సెట్లు ఇవ్వడానికి వెళ్ళాను. ఆ బిల్డింగు లిఫ్టుకి "పని జరుగుతోంది" అని బోర్డు. మెట్లెక్కుతుంటే మూడో అంతస్తు దగ్గర మెట్టు మీద కూర్చుని లిఫ్టాయన అన్నం క్యారేజీ విప్పుకుంటున్నాడు. తప్పించుకునే దారి లేదు. పక్కకి జరిగి చోటిచ్చాడు. కూర్చున్నాను.

"రాళ్ళ విషయం..." అన్నాను.

"ఆవిడ చెప్పారండీ. దానికేముంది, అవుతాయి" అని సగం తిండి మూతలో పెట్టి నా ముందుకి తోశాడు.

ఊరికే కూర్చోలేక అడిగాను. "ఆ రోజు లిఫ్టులో అక్క ఏడ్చిందాండీ?"

"ఏడవడమా! నలభై నిమిషాలూ నాకే ధైర్యం చెప్పారు. ఒక్కసారి మాత్రం గొంతు వణికింది. లోపల సిగ్నల్ లేదు, మా తమ్ముడికి ఫోను చెయ్యండి, పొయ్యి మీద కూర ఉంది, వాడు చూసుకోడు, ఆ పళ్ళ మందుల మధ్య వాడి ముక్కు ఎప్పుడో పోయింది, మాడినా వాసన తెలీదు అన్నారు. నంబరు చెప్పారు. చేశాను."

"ఆ ఫోను మీరా?"

"నేనే."

ఆ రోజు నాకు గుర్తుంది. ఎవడో తెలియనివాడు ఫోను చేసి "పొయ్యి ఆర్పండి" అన్నాడు. "ఎవడ్రా నువ్వు" అని నానా మాటలూ అన్నాను. అని, వెళ్ళి చూస్తే కూర అడుగంటుతోంది. ఆర్పాను. ఆ తిట్లన్నీ ఈయన తిన్నాడన్నమాట. తిని, ఇన్నాళ్ళూ ఒక్క మాట బయటపెట్టలేదు.

"చాలా పెద్ద తిట్లండీ అవి" అన్నాను.

"రెండు కొత్తవి నేర్చుకున్నాను" అన్నాడు. ఇద్దరం నవ్వాం. తర్వాత ఆయన మూత తుడుచుకుంటూ అన్నాడు. "మీకెన్ని వారాలు కావాలంటే అన్ని తీసుకోండి. నేను తలుపు ఇవతల నిలబడి కబుర్లు చెబుతూ ఉంటాను. నా పనే అది కదా."

డాక్టరమ్మకి సెట్లు ఇవ్వడం మర్చిపోయి ఇంటికొచ్చేశాను. మళ్ళీ వెళ్ళి ఇచ్చాను.

అదే రోజు, సాయంత్రం

కడగలేదు.

ఆగస్టు 2, శుక్రవారం

పొద్దున్నే అక్క ముందు నిలబడ్డాను. "అక్కా, ఆ మూత అంచు నేను కడగలేదు. మర్చిపోలేదు. కడగలేదు."

కూరగాయలు తరుగుతోంది. కత్తి ఆపలేదు. "తెలుసురా."

"తెలుసా?"

"ఆ రోజు నీ బ్రష్షు నేనే తీసి సర్దాను. ఎర్రదారం ఎండిపోయి ఉంది. ఏడుసార్లు కడిగేవాడి బ్రష్షు ఎండిపోయి ఎలా ఉంటుంది?"

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"నువ్వే చెప్తావని చూశాను." అప్పుడు కత్తి కింద పెట్టింది. "పైగా నాకూ భయంగానే ఉందిరా. ఈ వయసులో కొత్త ఇల్లు, కొత్త మనిషి. గీతలు చూసి, హమ్మయ్య ఇంకో నెల, అని నేనూ అనుకున్నాను. పాపం ఆయనే, ఏమీ తెలియకుండా ఎదురుచూస్తున్నాడు."

"నువ్వు వెళ్ళిపోతే నాకు ఎలాగో ఉంటుందక్కా" అన్నాను. అనేశాను. యాభై ఒక్కేళ్ళ గాడిదని, వంటింట్లో నిలబడి ఏడ్చాను. అక్క కూడా ఏడ్చింది. తను మాత్రం ఉల్లిపాయల మీదకి తోసేసింది. ఆ పళ్ళెంలో ఉన్నవి బీన్స్.

"రెండు బస్సులు మారితే మా ఇల్లు. నువ్వు ఆదివారం రాకపోతే కాళ్ళు విరగ్గొడతాను" అంది. "ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టు. ఈసారి అంచు నేను కడుగుతాను. నిన్ను నమ్మలేం."

నడిమి పొడి నుంచి మొదలుపెట్టాం. అక్క ఏడుసార్లు కడిగింది. నేను మళ్ళీ ఏడుసార్లు.

ఇవాళ నిజంగా సంతోషంగా ఉంది. ఇంతకుముందు రాసినవి కొట్టేయాలి. సరే, ఉండనీ.

ఆగస్టు 9, శుక్రవారం

కొత్త చిక్కు. ఇన్ని వారాలు అరిగి అరిగి రాళ్ళు చిన్నవైపోయాయి. ముప్పై ఒకటీ వేసినా డ్రమ్ములో ఖాళీ మిగులుతోంది. చెవి ఆనించాను. అవును, నేనే ఆనించాను. పడుతున్నాయి.

మధ్యలో మెత్తటిది ఏదన్నా నింపాలి. రాయిని గీకకూడదు, నీళ్ళలో నానిపోకూడదు. ఇల్లంతా వెతికాం. అక్క గుండీల డబ్బా తెచ్చింది, సరిపోలేదు. అప్పుడు ఇద్దరం ఒకేసారి నా బీరువా కింది అర వైపు చూశాం.

ఇరవయ్యారేళ్ళుగా మిగిలిపోయిన ప్లాస్టిక్ పళ్ళు. రంగు నప్పలేదని, సైజు సరిపోలేదని పక్కన పడేసినవి, ఒక డబ్బా నిండా. "పడెయ్యరా, దెయ్యాల కొంపలా ఉంది" అని అక్క ఏటా పోరుపెడుతుంటే, ఎప్పుడన్నా పనికొస్తాయని దాచాను.

పనికొచ్చాయి. మూడొందల పళ్ళు పోస్తే ముప్పాతిక నిండింది. చప్పుడు మెత్తగా, ఎవరో దుప్పటి లాక్కుంటున్నట్టు.

ఆగస్టు 16, శుక్రవారం

పాలిష్ వారం మొదలు. లిఫ్టాయన పని ముగించుకుని వచ్చాడు. పళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు, తప్పు మాది. సాయం చేద్దామని తనే మూత తీశాడు. బూడిదరంగు బురదలోంచి మూడొందల పళ్ళు ఆయన్ని చూసి నవ్వాయి.

"అమ్మో!" అని వెనక్కి గెంతి కుర్చీలో పడ్డాడు. కుర్చీ విరిగింది. అక్క గోడ పట్టుకుని కిందికి జారిపోయి నవ్వుతోంది. నేను నవ్వుతూ ఆయన్ని లేపుదామని వెళ్ళి నేనూ పడ్డాను.

"ఎవరివండీ ఇవి?" అన్నాడు కాస్త తేరుకుని.

"రెండోసారి వడ్డించమన్న చుట్టాలవి" అన్నాను.

తర్వాత ముగ్గురం కూర్చుని కడిగాం. ఒక్కో పన్నూ, ఒక్కో రాయీ. మూత అంచు అక్క ఏడుసార్లు, నేను ఏడుసార్లు, ఆయన ఏడుసార్లు. ఎర్రదారం బ్రష్షు ఊడిపోయే స్థితికి వచ్చింది. ఆయన చివర తన జేబులోంచి టార్చి తీసి, అంచు చుట్టూ వెలుగు వేసి, గోటితో తడిమి, "ఇప్పుడు వెయ్యండి" అన్నాడు. నాకంటే చాదస్తుడు. నచ్చాడు.

ఆగస్టు 20, మంగళవారం

తెరిచి చూడాలని చేతులు లాగుతున్నాయి. చూడను.

ఆగస్టు 23, శుక్రవారం

అయ్యాయి!

బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, రెండు రాళ్ళూ పెట్టాను. అక్క భూతద్దం తీసుకుని కిటికీ దగ్గరికెళ్ళింది. తేనెరంగుదాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. కిటికీ చట్రం అందులో కనిపిస్తోంది, నీళ్ళలో కనిపించినంత స్పష్టంగా. వేలితో రాసింది, చెంపకి ఆనించుకుంది, గుప్పిట్లో పెట్టి బిగించింది. ఎక్కడా ఏమీ తగల్లేదు. తర్వాత బూడిదరంగుది.

"ఇదేంట్రా, ఈ తెల్లగీత?"

"అది గీత కాదక్కా, చార. పుట్టుకతో ఉంది. నాన్న లారీ కడుగుతుంటే నువ్వే చూపించావు, మర్చిపోయావా?"

"ఆఁ" అంది. "నువ్వు ఏట్లో పడ్డ రోజు."

"నేను పడలేదు, నువ్వు తోశావు."

"మరి జుట్టు పట్టుకుని లాగింది ఎవరు?"

నలభై ఏళ్ళుగా ఇదే గొడవ. ఇవాళ కూడా తేలలేదు. ఎంత హాయిగా ఉందో!

అక్కే ఫోను చేసింది. "అయ్యాయండీ. సోమవారం వచ్చెయ్యండి."

ఆగస్టు 26, సోమవారం

రిజిస్టరు ఆఫీసు. నోటీసు ఎప్పుడో ఇచ్చి ఉంచారట. సాక్షి సంతకం నాది. పెన్ను రాయలేదు, గుమాస్తా ఇచ్చిన రెండోదీ రాయలేదు. "మా వాడే ఏదో చేసుంటాడు, వాడి పెన్నులు తనిఖీ చెయ్యండి" అని అక్క అందరి ముందూ అనేసింది. గుమాస్తాకి అర్థం కాలేదు కానీ మేం ముగ్గురం నవ్వుతుంటే అతనూ నవ్వాడు. రాళ్ళు మార్చుకున్నారు. లిఫ్టాయన తన రాయిని చొక్కా జేబులో పెట్టుకుని, పడిపోతుందేమోనని దారి పొడుగునా దాని మీద చెయ్యి వేసుకునే నడిచాడు.

తర్వాత వాళ్ళ బిల్డింగు. ఆయన అలవాటుగా మెట్ల వైపు తిరిగాడు. అక్క కదల్లేదు. లిఫ్టు ముందు నిలబడి, తేనెరంగు రాయి గుప్పిట్లో బిగించి, "ఇది ఎక్కుదాం" అంది.

ముగ్గురం ఎక్కాం. నా చేతిలో పెట్టె. ఆయన ఆరు నొక్కాడు. నాలుగు దాటగానే అక్క కళ్ళు మూసుకుంది. వేలి కణుపులు తెల్లబడ్డాయి. ఆయన, నాలుగుకీ ఐదుకీ మధ్య, తలుపు వైపు చూస్తూ మెల్లిగా అన్నాడు, "ఇంతకీ పొయ్యి మీద ఏమన్నా పెట్టి వచ్చారాండీ?" అక్క కళ్ళు మూసుకునే ఫక్కున నవ్వింది. ఆ నవ్వు పూర్తయ్యేలోపు ఆరు వచ్చింది.

తలుపు తెరుచుకుంది. పెట్టె బరువుకి నేను వెనకబడ్డాను, తలుపు మూసుకోబోతోంది.

"బావగారూ, తలుపు పట్టుకోండి!" అని అరిచాను.

అక్క గిరుక్కున వెనక్కి తిరిగి నన్నే చూసింది. ఆయన ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో పెట్టె పట్టుకున్నారు. అక్క గుప్పిట విప్పి అరచెయ్యి నా ముందు పెట్టింది. ఎక్కడా గాటు లేదు. చెమట పట్టిన చేతిలో రాయి, అంతే.

ఆగస్టు 27, మంగళవారం

గోడ మీద కాగితం చూసి టీ పెట్టుకున్నాను. ఇల్లు చప్పుడు లేకుండా ఉంది.

ఆగస్టు 29, గురువారం

మధ్యాహ్నం రెండింటికి ఫోను. అక్క.

"ఒరేయ్, మూడు రోజులుగా కునుకు పట్టట్లేదురా."

"ఏమైందక్కా? బావగారు గురక పెడుతున్నారా?"

"గురక పెట్టినా బాగుండేది. అంతా నిశ్శబ్దం. ఆ దిక్కుమాలిన డ్రమ్ము ఒకసారి తిప్పు."

మిగిలిన ఇరవై తొమ్మిది రాళ్ళూ, మూడొందల పళ్ళూ డ్రమ్ములో పోశాను. పొడి వెయ్యలేదు, ఊరికే నీళ్ళు. ముప్పాతిక నింపాను. మోటారు వేసి, ఫోను డ్రమ్ము పక్కన బల్ల మీద పెట్టాను. "వినపడుతోందా?" అని అడిగితే "ఊఁ" అంది. "చెవుల్లో ఇసుక పోసినట్టు ఉందిరా" అంది. ఆ తర్వాత మాట లేదు.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పావుగంటకి ఫోనులోంచి సన్నగా బావగారి గొంతు.

"పడుకుంది. ఫోను పెట్టెయ్యకండి. మీ పొయ్యి మీద కూర ఉంటే మాత్రం ఆర్పండి, నిద్రలో కూడా అదే అడుగుతోంది."

ఉంది. పరుగెత్తుకెళ్ళి ఆర్పేసి వచ్చాను. డ్రమ్ము ఆపలేదు.